పదకొండో ప్రోగ్రాం

కర్నూలులో ఆ కాలేజీ ఇప్పుడు లేదు కాబట్టి పేరుతో పనిలేదు. కింద పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సు, పైన రెండంతస్తుల్లో డిగ్రీ కాలేజీ. పై అంతస్తు చివరిగదిలో పన్నెండు కంప్యూటర్లుండేవి, వాటిలో పనిచేసేవి తొమ్మిది. ఆ గదికి రంగస్వామి ఇన్‌చార్జి. చెప్పులు బయట విప్పాలి, తడిచేత్తో ముట్టకూడదు, సారు చెప్పందే స్విచ్చి వెయ్యకూడదు. గుడిలో కూడా ఇన్ని నియమాలుండవని పిల్లలు వెనకాల నవ్వుకునేవాళ్లు.

రంగస్వామి చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, చివరికొచ్చేసరికి మీకు మరోలా అనిపించవచ్చు గనుక. ఎనిమిదికల్లా వచ్చి ల్యాబు తెరిచేవాడు. కరెంటు పోతే విసుక్కోకుండా కిటికీలు తీసి లెక్కలు చెప్పేవాడు. ఆయనకున్నది ఒకటే జబ్బు. ‘నాకు తెలీదు’ అనే మాట నోట పెగిలేది కాదు. పల్లె నుంచి వచ్చి, నానా తిప్పలు పడి ‘సార్’ అనిపించుకున్న మనిషికి, ఆ ఒక్క మాటతో ‘సార్’ కాస్తా ఊడిపోతుందని భయం. ఎవరూ ఊడబెరకరు. కానీ భయానికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

2003లో సిలబస్‌లోకి జావా అనే ప్రోగ్రాములు రాసే భాష వచ్చింది. “కంప్యూటర్లలో జావా వేసెయ్ రంగస్వామీ” అన్నాడు కాలేజీ నడిపే కరస్పాండెంటు, గోడలకు సున్నం వేసెయ్ అన్నంత తేలిగ్గా. రాజవిహార్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే దాదాపు ఒకే పేరుతో రెండు కనిపించాయి. ఒకటి యాభై ఎంబీకి దగ్గర, రెండోది పదహారు లోపు. ఫోను తీగ మీద నడిచే ఇంటర్నెట్టు. యాభై దిగాలంటే పొద్దున కూర్చున్నవాడు సాయంత్రం దాకా కూర్చోవాలి, మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి. రంగస్వామి చిన్నదాన్ని దించుకున్నాడు. పెద్దది ఎందుకు పెద్దదో ఆలోచించలేదు. బొమ్మలూ పుస్తకాలూ కలిపి ఇచ్చి ఉంటారులే అనుకున్నాడు. సీడీలో ఎక్కించుకొచ్చి తొమ్మిదింటిలోనూ వేశాడు. తెరమీద కాఫీకప్పు బొమ్మ వచ్చింది. కరస్పాండెంటు దాన్ని చూసి “మాకేదయ్యా కాఫీ?” అన్నాడు, అందరూ నవ్వారు.

ఆ ఏడాదే మురళి అనే పార్ట్‌టైమ్ లెక్చరర్ రెండు నెలలు పాఠం చెప్పాడు. సిలబస్‌లోని పది ప్రోగ్రాములూ తన ఇంటి కంప్యూటర్లో తయారుచేసి ఫ్లాపీలో తెచ్చి ఇచ్చాడు. అవి ల్యాబులో చక్కగా నడిచాయి. బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోతూ, “సార్, మీరు వేసింది తయారైన ప్రోగ్రాంను నడిపిస్తాది, అంతే. కొత్తది తయారుచెయ్యాలంటే డెవలప్‌మెంట్ కిట్టు వేరే ఉంటాది. అది కూడా వేయించండి” అన్నాడు. “చూద్దాంలే” అన్నాడు రంగస్వామి. కిట్టు ఏమిటి, ఎక్కడ దొరుకుతుంది అని అడగలేదు. తనకంటే పదేళ్లు చిన్నవాణ్ని అడగడమా?

ఇక ల్యాబు పద్ధతి ఎలా ఉండేదంటే, రికార్డు బుక్కులో కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు తెల్ల పేజీ. కుడివైపు ప్రోగ్రాం రాయాలి. అది నడిస్తే తెరమీద ఏమొచ్చిందో ఎడమవైపు రాయాలి. కింద ఇన్‌చార్జి సంతకం. పిల్లలు సీనియర్ల రికార్డు తెచ్చుకుని కుడిదీ ఎడమదీ రెండూ ఎక్కించేవాళ్లు. పరీక్షనాడు చీటీ తీస్తే పదింటిలో ఒకటి వచ్చేది. దాన్ని పేపరు మీద రాసి, మురళి వదిలిపోయినదాన్ని నడిపి చూపిస్తే, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు తల ఊపి భోజనానికి లేచేవాడు. నూటికి నూరు మంది పాసు. ఆ ముక్క కాలేజీ బోర్డు మీద ఎర్రరంగుతో రాయించారు కూడా.

మహాదేవిని ఆ కాలేజీకి తెచ్చింది రంగస్వామే. వేసవిలో లెక్చరర్లు ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించాలి, అది ఉద్యోగంలో భాగం. జావా రాకముందటి వేసవిలో, అలా తిరుగుతూ కోడుమూరు అవతల ఒక పల్లెలో గిడ్డయ్య ఇంటికి వెళ్లాడు. గిడ్డయ్యకు మూడెకరాల ఎర్రనేల, వాన తప్ప మరో నీరు లేదు. పంట పోయిన ఏడు ఇంటికి తాళం వేసి, భార్య భీమక్కతో గుంటూరు దిక్కు మిరపకోతలకు పోయేవాడు. అలా వలసపోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. ఇంటర్ ఫస్టుక్లాసులో పాసైన కూతురు గడప పక్కన నిలబడి వింటోంది.

“మా కాలేజీలో కంప్యూటరు నేర్పిస్తాము గిడ్డయ్యా. పాపకు పని చేతికొస్తాది. మిరపచేన్లోకి దించొద్దప్పా” అన్నాడు రంగస్వామి.

“మాకేం తెలుస్తాది సార్. మీరు చెప్తాండారు, మీ మాట మీద పంపిస్తాండా” అన్నాడు గిడ్డయ్య.

మూడో ఏడు జావా ల్యాబులో మహాదేవి ఒక్కతే సీనియర్ల రికార్డు ముట్టలేదు. పుస్తకం ముందేసుకుని ఒక్కో అక్షరం తానే టైపు చేసేది. ఒకరోజు అందరిముందూ లేచి నిలబడింది.

“సార్, రాసిన ప్రోగ్రాం తయారుకావాలంటే ముందు జావాసీ అని కొట్టి కంపైల్ చెయ్యమని బుక్కులో ఉండాది. కొడితే బ్యాడ్ కమాండ్ అంటాది. ఎందుకు సార్?”

ముప్పై తలలు రంగస్వామి వైపు తిరిగాయి. మురళి చెప్పిన మాట ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినంత వేగంగా దాన్ని అణచేసుకున్నాడు.

“అది పాత పద్ధతిమ్మా. ఇప్పుడు అవసరం లేదు. ప్రోగ్రాం రాసి సేవ్ చేసి, జావా అని కొట్టి దాని పేరు కొట్టు, సాలు.”

“అట్ల కొడితే క్లాసు దొరకలేదంటాది సార్.”

“ఈ మిషన్లు పాతవి గదా, కొత్త ప్రోగ్రాంలను మోయలేవు. కొత్త మిషన్ల మీద నడుస్తాదిలే. కూచో.”

మహాదేవి కూర్చుంది. పుస్తకం ఒకటి చెబుతోంది, సారు ఒకటి చెబుతున్నాడు. పుస్తకం రాసినాయన ఎవరో ఆమెకు తెలియదు. సారు మాత్రం తన ఇంటి గడప దాకా వచ్చి, నాయనతో మాట్లాడి, తనను ఇక్కడికి తెచ్చిన మనిషి. ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్నే ఆ పిల్లకు రాలేదు. పెన్సిల్‌తో ఆ లైను కొట్టేసింది.

రికార్డులో పది ప్రోగ్రాములూ అయ్యాక ఆమె సొంతంగా పదకొండోది రాసింది. గిడ్డయ్య తన ఇంటి లోపలి గోడమీద కార్తెలవారీగా వాన లెక్క పెట్టేవాడు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటూ వరుసగా గళ్లు, వాన పడిన రోజుకొక సున్నపు చుక్క. తొమ్మిదేళ్ల చుక్కలున్నాయి ఆ గోడమీద. అవన్నీ ఎక్కించి, ఏ కార్తె ఎన్నేళ్లు తడిసిందో చెప్పే ప్రోగ్రాం అది. కుడిపేజీ నిండింది. ఎడమపేజీ ఖాళీగా వదిలేసింది. నడవనిదానికి జవాబు ఎలా రాస్తుంది? “సిలబస్‌లో లేనిదానికి ఎందుకమ్మా తిప్పలు” అని రంగస్వామి నవ్వాడు. ఆమె ఫస్టుక్లాసులో డిగ్రీ పాసైంది. రికార్డు కాలేజీ బీరువాలోకి పోయింది.

ఆ ఏడు మళ్లీ వాన మొహం చాటేసింది. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తర కార్తెలో కూడా వాన లేకుంటే ఇక గంప నెత్తినపెట్టుకుని ఊరు వదలడమే. అయితే ఈసారి భీమక్కకు మోకాళ్లు పట్టేశాయి, వంగలేదు, లేవలేదు. కోతల మేస్త్రీకి మనుషులు జంటగా కావాలి, ఒంటిమనిషిని తీసుకోడు. సరిగ్గా అప్పుడే బెంగుళూరు కంపెనీ ఒకటి జనవరిలో కడప ఇంజనీరింగు కాలేజీలో పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకుంటోందని తెలిసింది. డిగ్రీవాళ్లు కూడా రాయవచ్చు. గిడ్డయ్య మేస్త్రీ కాళ్లావేళ్లా పడి నెలరోజులు గడువు తీసుకున్నాడు. ఉద్యోగం వస్తే పాప బెంగుళూరుకు పోతుంది, తాను ఎలాగో బతుకుతాడు. రాకపోతే భీమక్క చోట పాప మిరపచేలో నిలబడుతుంది. మూడో దారి లేదు.

రంగస్వామి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని కడప వెళ్లాడు. ఉదయం జరిగిన రాతపరీక్షలో ముగ్గురు పోయారు. మహాదేవి ఒక్కతే మిగిలింది. మధ్యాహ్నం రెండింటికి గంటసేపు కంప్యూటరు మీద పరీక్ష. లోపలికి వెళ్తూ ఆమె వెనక్కి తిరిగి నవ్వింది.

“అన్నీ కొత్త మిషన్లే సార్” అంది.

ఆ గంటసేపూ రంగస్వామి క్యాంటీను ముందు వేపచెట్టు కింద నిలబడ్డాడు. టీ చెప్పి తాగడం మరిచిపోయాడు. తన పిల్ల, తాను తెచ్చిన పిల్ల, నూటయాభై మందిలో ఇరవైమందిలోకి వచ్చింది. కరస్పాండెంటుకు చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకున్నాడు.

మూడింటికి మహాదేవి బయటికొచ్చింది. ఏడవలేదు. “నాకు రాలేదు సార్” అని చెప్పి, పక్కకు పోయి మెట్లమీద కూర్చుంది. ఆమె వెనకాలే ఆ కాలేజీ ల్యాబు చూసుకునే లెక్చరర్ పద్మప్రియ వచ్చింది. కర్నూలు నుంచి వచ్చిన సారు మీరేనా అని అడిగి, పక్కకు పిలిచింది.

“ఆ పాప ప్రోగ్రాం నేను చూసినాను సార్. చాలా చక్కగా రాసింది. కానీ కంపైల్ చెయ్యకుండానే నడపాలని చూసింది. జావాసీ అని ఒక్క మాట కొట్టింటే అయిపోయేది. క్లాసు దొరకలేదని మిషను చెప్పినప్పుడల్లా, తన ప్రోగ్రామే తప్పనుకుని మార్చింది. మార్చి మార్చి చివరికి బాగున్నదాన్ని కూడా చెడగొట్టుకుంది. పరీక్ష గదా, మేము నోరు విప్పగూడదు. చూస్తా నిలబడినాను.”

“పాత పద్ధతి గదా మేడమ్ అది...” అన్నాడు రంగస్వామి, ఎక్కడో చిన్న ఆశతో.

పద్మప్రియ ఆయన మొహంలోకి చూసింది. “పాతది లేదు, కొత్తది లేదు సార్. మీ ల్యాబులో వేసింది ఎంత సైజుది?”

“పదహారు ఎంబీ.”

“అయ్యో. అది వండిపెట్టింది వడ్డించే గంటె సార్. పొయ్యి కాదు. పొయ్యి లేని ఇంట్లో ఆ పాప ఇన్నాళ్లూ వంట నేర్చుకుంది.” అన్న తర్వాత తన మాట తనకే కటువుగా తోచిందేమో, లోపలికి పోయి ఒక సీడీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. “దీంట్లో కిట్టు మొత్తం ఉండాది. మిగతా పిల్లలకన్నా వెయ్యండి. ఇంకో మాట. కంపైల్ చెయ్యొద్దని ఎవరన్నా చెప్పినారా అని ఆ పాపను అడిగినాను. లేదు మేడమ్, మా సార్ చెయ్యమనే చెప్పినాడు, నేనే మర్చిపోయినా అనింది.”

కడప నుంచి కర్నూలుకు ఐదారు గంటల ప్రయాణం. మహాదేవి కిటికీ పక్కన కూర్చుంది. మైదుకూరు దాటాక నిద్రపట్టి, ఒడిలోని పుస్తకం జారి కిందపడింది. రంగస్వామి తీశాడు. మడతపడి తెరుచుకున్న పేజీలో పెన్సిలు గీత కనిపించింది. జావాసీ అన్న లైను మీద గీత. పక్కన గుండ్రటి అక్షరాలతో, ‘పాత పద్ధతి. సార్ చెప్పినారు’ అని రాసి, తేదీ కూడా వేసుకుంది.

అంటే ఆమెకు అంతా తెలుసు. మిషను ముందు కూర్చున్న గంటలో తెలిసిందో, మేడమ్ అడిగినప్పుడు తెలిసిందో, తెలిసింది. తెలిసి కూడా అబద్ధమాడి ఆయన పరువు నిలబెట్టింది. ఆయన ఆ పిల్ల బతుకు మీదికి తెచ్చిన అబద్ధానికి, ఆమె కట్టిన బదులు అది. ఆళ్లగడ్డలో బస్సు ఆగి ఆమెకు మెలకువ వచ్చింది. పుస్తకం ఆయన చేతిలో ఉండడం చూసింది. నెమ్మదిగా తీసుకుని సంచిలో పెట్టుకుంది.

“ఏమన్నా తిందామా సార్? పొద్దున్నించి మీరేం తినలేదు” అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. ముందు సీట్లో మిగతా ముగ్గురు పిల్లలున్నారు. ఆ ముగ్గురి ముందు చెప్పలేకపోయాడు. జబ్బు అంత తొందరగా పోతుందా?

మర్నాడు ల్యాబు తెరిచి, తలుపు లోపల గొళ్లెం వేసుకుని సీడీ పెట్టాడు. తొమ్మిదింటిలో కాస్త గట్టిదాన్లో కిట్టు ఎక్కించాడు. పద్మప్రియ సీడీ కవరు మీద రాసిచ్చినట్టే అంతా చేశాడు. పదకొండో ప్రోగ్రాం ఉన్న రికార్డు బీరువాలోంచి తీసి, కుడిపేజీ చూస్తూ ఒక్కో అక్షరం కొట్టాడు. చుక్క మారలేదు, కామా మారలేదు. జావాసీ అని కొట్టి, దాని పేరు కొట్టి, ఎంటర్ నొక్కాడు.

తెరమీద ఏమీ రాలేదు. తప్పు లేదు, హెచ్చరిక లేదు. ఒక క్షణం ఆగి, మళ్లీ కర్సరు గీత మిణుకుమంటూ కింది లైన్లో నిలబడింది. కవరు మీద పద్మప్రియ రాసింది చూసుకున్నాడు. ‘ఏమీ చెప్పలేదంటే తప్పు లేదని అర్థం.’ అప్పుడు నడిపాడు. కార్తెలన్నీ వరుసగా దిగాయి, ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. ఏడాది కిందట ఖాళీ పేజీ చూసి తాను నవ్విన ప్రోగ్రాం అది, మొదటిసారికే నడిచింది. రంగస్వామి కీబోర్డు మీద తలపెట్టి ఏడ్చాడు. కింద ప్రెస్సులో మిషను చప్పుడుకు ఎవరికీ వినపడలేదు.

కాగితం ప్రింటు తీసుకుని, ఆ మర్నాడు కోడుమూరు బస్సెక్కాడు. ఆయన పల్లె చేరేసరికి ఊరిబయట లారీ నిలబడి ఉంది. మూటలు, బియ్యం సంచులు, వంటపాత్రలు ఎక్కిస్తున్నారు. మేస్త్రీ పేర్లు పిలుస్తున్నాడు, జంటలు జంటలుగా ఎక్కుతున్నారు. గిడ్డయ్య పక్కన మహాదేవి పాత చొక్కా మీద చీరకొంగు దోపుకుని, మిరప ఘాటుకు మొహానికి కట్టుకునే గుడ్డ మెడలో వేసుకుని నిలబడింది. ఫస్టుక్లాసు డిగ్రీ పిల్ల. రెండ్రోజుల కిందట ఇరవైమందిలో ఒకతి.

“గిడ్డయ్యా” అన్నాడు రంగస్వామి. జనం తిరిగి చూశారు. ఈసారి ఆగలేదు. “పాప తప్పు ఏమీ లేదప్పా. తప్పంతా నాది. ల్యాబులో వెయ్యాల్సింది వెయ్యలే నేను. పాప అడిగితే, నాకు తెలీక, తెలీదని చెప్పలేక, అబద్ధం చెప్పినా. దానివల్లే ఉద్యోగం పోయింది. పాప శానా బాగా రాసింది.”

గిడ్డయ్య మూట కింద పెట్టాడు. అర్థమైందో లేదో తెలియదు. వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఊరుకోండి సార్. ఇంత దూరం వచ్చినారు. మీరు మాకు శానా చేసినారు. దాని రాత అట్లుంటే మీరేం చేస్తారు?”

చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. రంగస్వామి జేబులోంచి కాగితం తీసి మహాదేవికి ఇచ్చాడు. ఆమె పైనుంచి కింది దాకా వేలు పెట్టి చదివింది. తండ్రి తొంగి చూశాడు.

“ఏముండాది పాపా దాంట్లో?”

“మన గోడమీదిదే నాయనా. తొమ్మిదేండ్లలో ఉత్తర తడిసింది రెండేండ్లే అంట.”

“అది నాకు తెలీదా?” అని నవ్వాడు గిడ్డయ్య. “అందుకే గదా గంప ఎత్తుతాండాం.” మేస్త్రీ కేకేస్తే మూట తీసుకుని లారీ వైపు నడిచాడు.

మహాదేవి ఇంకా కాగితమే చూస్తోంది. “ఎన్ని తప్పులొచ్చినాయి సార్? ఎన్నిసార్లు మార్చినారు?”

“ఒక్కటీ రాలేదమ్మా. నువ్వు రాసింది రాసినట్టే.”

“జావాసీ అని కొడితే ఏమొచ్చె?”

“ఏమీ రాదు. తప్పు లేకుంటే అది ఏమీ చెప్పదు.”

“ఏమీ చెప్పదా?” అంది. ఆ మాటకు అప్పటిదాకా బిగపట్టుకున్న మొహం సడలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. “అది ఒక్కసారి చూసింటే బాగుండు సార్.”

లారీ ఇంజను మోగింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టబోయి, ఆగి, విప్పి ఆయనకే తిరిగి ఇచ్చింది.

“ఆడ గుడిసెల్లో ఉండాల, పాడైపోతాది. రికార్డులో ఎడమపక్క పేజీ ఖాళీ పెట్టినా గదా, దాంట్లో అంటించండి. సంతకం పెట్టించుకోనేలేదు నేను దానికి.”

వెళ్లి తండ్రి పక్కన ఎక్కింది. జంట లెక్క సరిపోయింది, మేస్త్రీ బండి వెనక పలక మూశాడు. లారీ గూడూరు రోడ్డు మలుపు తిరిగిందాకా రంగస్వామి అక్కడే నిలబడ్డాడు. గడపలో కూర్చున్న భీమక్క మంచినీళ్లు తాగి పొమ్మని పిలిచింది. తాగాడు.

సాయంత్రం ల్యాబులో కూర్చుని, ఆమె చెప్పినట్టే కాగితాన్ని ఎడమపేజీకి జాగ్రత్తగా అంటించాడు. కింద ఇన్‌చార్జి సంతకం అని చిన్న గీత ఉంది. మూడేళ్లుగా ఎవరు నడిపారో, ఎవరు ఎక్కించారో చూడకుండా వందల పేజీల మీద గిలికిన సంతకం అది. పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మూత పెట్టేసి, గీత అలాగే ఖాళీగా వదిలి, రికార్డును బీరువాలో పెట్టి తాళం వేశాడు.